మూడో మలుపులో నా మాట

శాన్ రామన్ నుంచి మనవడు నితిన్ అడిగాడు, కార్ల రేసుల్లో నేను నిలబడిన స్టాండ్ పైకప్పు మీద బాత్రూమ్ ఉండేదా అని. లేదు నాన్నా. రేస్ రోజున పొద్దున్నే కాఫీ మానేసేదాన్ని, అంతే. ఆ ప్రశ్న అక్కడితో సరి.

మనవరాలు మేఘ అడిగింది వేరు. నేపర్‌విల్ నుంచి ప్రతి శనివారం డ్రైవ్ చేసుకుని ఒక చిన్న ట్రాక్‌కి వెళ్తోంది, స్పాటర్ పని నేర్చుకోవడానికి. అక్కడి టీమ్ వాళ్లు నీ గొంతు చాలదు, అరవడం నేర్చుకో, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటాం అన్నారట. "అమ్మమ్మా, నువ్వు ఇంట్లోనే వినపడవు. ఆ నాయిస్‌లో డ్రైవర్‌కి ఎలా వినిపించింది, లైక్, సీరియస్‌గా?" అంది. ఫోన్‌లో నవ్వేసి ఊరుకున్నాను. తరువాత ఆ నవ్వు నాకే నచ్చలేదు. అందుకే రాస్తున్నాను. మేఘ తెలుగు నెమ్మదిగా చదువుతుంది. నెమ్మదిగానే చదవమ్మా, తొందరేమీ లేదు.

పక్కచూపు

ఈ రేసుల్లో నడిపే స్టాక్ కార్ బయటినుంచి చూస్తే మన డ్రైవ్‌వేలో నిలబెట్టుకునే కారులాగే ఉంటుంది. లోపల మాత్రం ఇనప గొట్టాల పంజరం, అందులో ఒకే ఒక్క సీటు. డ్రైవర్ తల అటూ ఇటూ ఊగకుండా రెండు వైపులా దిమ్మలు. కిటికీకి అద్దం ఉండదు, వల ఉంటుంది. ముందున్నది కనిపిస్తుంది, వెనకున్నది అద్దంలో కొంత కనిపిస్తుంది. పక్కనున్నది కనిపించదు. పక్కనేమో అదే వేగంతో, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఇంకో కారు ఉంటుంది.

స్పాటర్ అంటే ఆ డ్రైవర్‌కి పక్కచూపు. ప్రేక్షకులు కూర్చునే స్టాండ్‌కి పైన, అన్నిటికంటే ఎత్తైన కప్పు మీద నిలబడి, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని, కొద్ది మాటలే చెబుతూ ఉండాలి. ట్రాక్ గుండ్రం, కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. ఎడమ పక్కన ఎవరైనా దూరితే ఇన్‌సైడ్. కుడి పక్కన వస్తే అవుట్‌సైడ్. మన కారు వాళ్లని పూర్తిగా దాటాక క్లియర్. ఆ క్లియర్ అరక్షణం ముందుగా నోట్లోంచి వచ్చిందా, డ్రైవర్ నమ్మి పక్కకి జరుగుతాడు, అక్కడ కారు ఉంటుంది, తరువాత గోడ ఉంటుంది.

దీన్ని కామెంటరీ అనుకునేవాళ్లు చాలామంది. కామెంటరీ తప్పయితే ఎవరికీ ఎముకలు విరగవు.

ట్రంక్ కాల్

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానంటే, ఊసుపోక వచ్చాను. మీ తాతయ్యకి షార్లెట్ దగ్గర ఒక బట్టల మిల్లులో రంగుల సెక్షన్‌లో ఉద్యోగం. పక్కింటి డాటీ ఆదివారాలు ట్రాక్‌కి వెళ్లి ల్యాప్‌లు లెక్కపెట్టేది. అప్పట్లో ఏ కారు ఎన్నిసార్లు తిరిగిందో మనుషులే చూసి గుర్తు వేసేవాళ్లు, ఆ మనుషుల్లో ఎక్కువమంది ఎవరో ఒకరి భార్యలు. "చర్చికి రావు, పోనీ ఇక్కడికైనా రా" అని డాటీ నన్ను లాక్కెళ్లింది. అక్కడ నేను చూసిన కారు హార్లన్‌ది.

హార్లన్ గురించి ముందే చెప్పాలి. కోళ్ల ఫారం వాళ్లబ్బాయి. మట్టి ట్రాక్‌ల మీద మొదలుపెట్టి, ఎక్కడా పెద్ద పేరు లేకుండా, కారు దొరికిన ప్రతి వారం నడుపుతూ యాభై దాటేదాకా ఈ ఆటలోనే ఉన్నాడు. పెద్ద రేసులు గెలిచింది తక్కువ, ఇతరులని గెలవనివ్వకుండా అడ్డుపడింది ఎక్కువ. మొండివాడు. ఎవరికీ సారీ చెప్పడు. ఆడవాళ్ల ముందు టోపీ తీస్తాడు. అతని బొమ్మ పెట్టుకునే పిల్లలు ఎవరూ లేరు గానీ, వర్షం పడి ట్రాక్ ఆరకపోతే అందరూ ముందుగా అతన్నే అడిగేవాళ్లు, ఇవాళ నడపొచ్చా అని.

ఒక ఆదివారం అతని స్పాటర్‌కి కడుపునొప్పి. వేరే మనిషి లేడు. క్రూ చీఫ్ డ్వేన్, అంటే మెకానిక్‌లందరి మీదా పెద్ద, హెడ్‌సెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఎలాగూ ఆ కారునే చూస్తున్నావుగా. చూసింది చెప్పు" అన్నాడు.

చెప్పాను. రేడియోలో హార్లన్, "ఎవరది?" అన్నాడు.

"రాజ్యలక్ష్మి."

"ఎవరు?"

"రాజ్."

ఒక ల్యాప్ తిరిగొచ్చాడు. తరువాత, "మిస్ రాజ్, అలాగే మాట్లాడుతూ ఉండండి" అన్నాడు.

మేఘా, ఇక్కడ నీ ప్రశ్నకి సగం సమాధానం ఉంది. పెళ్లికి ముందు నేను కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో దూరం ఊళ్లకి కాల్స్ కలిపే ట్రంక్ ఆపరేటర్‌ని. ఆ రోజుల్లో ఫోన్‌లో దూరం ఎంతయితే గొంతు అంత పెంచాలనుకునేవాళ్లు జనం. మద్రాసు అయితే కేక, ఢిల్లీ అయితే పొలికేక. మేం మధ్యలోకి వచ్చి, "మెల్లగా మాట్లాడండి సార్, అరిస్తే అవతల ముక్కలుగా వినపడుతుంది" అనేవాళ్లం. మైక్‌కి దగ్గరగా, కింది గొంతుతో, మాటకీ మాటకీ మధ్య చోటు వదిలి మాట్లాడితే ఎంత గోలలోనైనా దూరిపోతుంది. ఇంజన్ల రొద అంతా పైస్థాయిలో ఉంటే నువ్వు కూడా అక్కడికే ఎక్కి పోట్లాడటం ఎందుకు? కింద ఖాళీగా ఉంది, అక్కడినుంచి వెళ్లు.

కడుపునొప్పి తగ్గాక ఆ స్పాటర్ తిరిగి వచ్చాడు. హార్లన్ వద్దన్నాడు. అలా ఆ కప్పు మీద ఉండిపోయాను.

పైన పెట్టుకునే ఒప్పందాలు

ఇది నీకు ఎవరూ నేర్పరు. కప్పు మీద స్పాటర్లమంతా భుజాలు రాసుకుంటూ నిలబడతాం. కింద వాళ్లు ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటుంటారు, పైన మేం ఒకే డబ్బాలోంచి కారప్పూస తింటుంటాం. నా పక్కన ఎప్పుడూ గస్ అని ఒక భారీ మనిషి నిలబడేవాడు, నీలం కారుకి స్పాటర్. అంతకుముందు స్కూల్ బస్సు నడిపేవాడట. నా డబ్బా మూత తీసేవరకూ గుడ్ మార్నింగ్ కూడా చెప్పేవాడు కాదు.

డ్రైవర్లు కార్లలో ఉండి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు. అందుకని తిట్లయినా ఒప్పందాలయినా మా మీదుగా వెళ్లాలి. హార్లన్ రేడియోలో, "మిస్ రాజ్, ఆ నీలం కారు వాడు డ్రైవింగ్ ఏ సర్కస్‌లో నేర్చుకున్నాడో కనుక్కోండి" అనేవాడు. అది తిట్లు తీసేశాక మిగిలింది. నేను గస్ వైపు తిరిగేదాన్ని.

"మావాడికి కోపం వచ్చింది."

"ఎంత?"

"మధ్యస్థం."

"మధ్యస్థం అయితే సరే. ఎక్కువయ్యాక చెప్పు" అని గస్ ఇంకో గుప్పెడు తీసుకునేవాడు.

బూతులు తీసేసేదాన్ని గానీ అర్థం మార్చేదాన్ని కాదు. ఒకసారి ఎవరి కారునో గుద్ది తిప్పేసి, మా కారు ఓనర్ మందలించాడని, "నేను సారీ అన్నానని చెప్పండి" అన్నాడు హార్లన్. "నువ్వు అనలేదుగా" అన్నాను. "ఇప్పుడు అంటున్నాగా." "ఇది అన్నట్టు లేదు. రేస్ అయ్యాక నువ్వే వెళ్లి చెప్పు." వెళ్లలేదనుకో. కానీ నా నోటిమీదుగా అబద్ధం వెళ్లదని అతనికి తెలిసింది. స్పాటర్‌కి ఉండేది అదొక్కటే.

పెద్ద ట్రాక్‌ల మీద ఒక కారు ముక్కు ఇంకో కారు తోకకి ఆనించి నడిస్తే రెండూ ఇంకా వేగంగా పోతాయి. ఒంటరిగా ఉన్నవాడు వెనకబడతాడు. అందుకని ఆఖరి ల్యాప్‌లు వచ్చేసరికి కప్పు మీద మంతనాలు మొదలవుతాయి. మీవాడు మావాడిని తొయ్యనీ, చివర్లో ఎవరి దారి వాళ్లది, అని. కాగితం ఉండదు, చెయ్యి కలపడం కూడా ఉండదు. మాటే.

ఆ ఆదివారం

ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం. హార్లన్ ముందున్నాడు, అతని వెనకే నీలం కారు. ఇంక కొద్ది ల్యాప్‌లే మిగిలాయి. అతని వయసుకి అలాంటి రోజు మళ్లీ రాదని మా అందరికీ తెలుసు. గస్ నా దగ్గరికి ఒరిగి, "ఆఖరి ల్యాప్ దాకా మావాడు మీవాడిని తోస్తాడు, పక్కకి రాడు. అడిగాను, సరే అన్నాడు" అన్నాడు.

డ్రైవర్‌కి వినపడని రెండో చానెల్ ఒకటి ఉంటుంది, నాకూ డ్వేన్‌కీ మధ్య. అందులో డ్వేన్‌కి చెప్పాను. అతను అక్కడితో ఆగలేదు. హార్లన్ చానెల్‌లోకి వెళ్లి, "నీ వెనకవాడు మనవాడే. ఆఖరి ల్యాప్ దాకా పక్కకి రాడు, డీల్ అయింది. ముందు చూసుకుని నడుపు" అని చెప్పేశాడు.

"డ్వేన్, అది అతనికి చెప్పకూడదు" అన్నాను.

"కాస్త రిలాక్స్ అవుతాడు, మంచిదేగా."

"రిలాక్స్ అవకూడదు."

నేనే మళ్లీ హార్లన్‌తో, "నేను చెప్పింది మాత్రమే విను" అన్నాను. "టెన్ ఫోర్, మిస్ రాజ్" అన్నాడు, విన్నానని. అంటే అప్పటికి నా గొంతు అతనికి అందుతోంది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆఖరి ల్యాప్ ఇంకా మొదలవలేదు. మూడో మలుపులోకి వస్తుండగా నీలం కారు ముక్కు ఎడమకి వంగింది. ఇన్‌సైడ్ అన్నాను. అది సగం దూరి హార్లన్ తలుపు దగ్గరికి వచ్చింది. ఇన్‌సైడ్, డోర్ దగ్గర, అన్నాను. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాను. హార్లన్ కారు ఖాళీ రోడ్డు మీద లేన్ మారినంత నింపాదిగా ఎడమకి దిగింది.

తరువాతది వర్ణించను. గోడ, పొగ, వెనకనుంచి వచ్చి తగిలిన కార్లు. "హార్లన్, మాట్లాడు" అన్నాను. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

గస్ హెడ్‌సెట్ మెడ మీదకి దించేశాడు. "రాజ్, వాడు సరే అన్నాడు. నేను అడిగాను, వాడు సరే అన్నాడు."

"వాడికి గ్యాప్ కనబడింది, దూరాడు."

"అవును. గ్యాప్ కనబడింది."

డబ్బాలో కారప్పూస ఆ రోజు మిగిలిపోయింది.

ఓనర్ గది

హార్లన్‌కి కాలరు ఎముక, పక్కటెముకలు విరిగాయి. తలకి గట్టి దెబ్బ. మెలకువ వచ్చాక ఆ రోజు పొద్దున్న షూ లేసులు కట్టుకున్నది గుర్తుంది, తరువాత ఆస్పత్రి సీలింగ్ గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు అన్నాడు. కారులోంచి తీసినవాళ్లు ఇంకో మాట చెప్పారు. డ్రైవర్లు చెవిలో పెట్టుకునే చిన్న స్పీకర్లు ఊడకుండా టేప్ వేసుకుంటారు. అతని ఎడమ చెవిది ఊడి వేలాడుతోందట. గుద్దుకున్నప్పుడు ఊడిందా, అంతకుముందే ఊడిందా, చెప్పగలిగేవాళ్లు లేరు. స్టాండ్‌లో రేడియో స్కానర్లు పెట్టుకుని మా మాటలు వినే అభిమానులు ఉంటారు. వాళ్లలో ఒకావిడ నన్ను పార్కింగ్‌లో ఆపి, "హనీ, నువ్వు చెప్పావు, మేం విన్నాం" అంది. ఆవిడ విన్నదని అతను విన్నట్టు కాదు.

ఆ వారం ఓనర్ పిలిచాడు. స్పాన్సర్లకి ఏదో ఒక కారణం చూపించాలి. గదిలో ఆయన, డ్వేన్, నేను.

"రాజ్, ఎవరినీ తీసెయ్యడం లేదు. నీ గొంతు చిన్నది, రేడియోలో అందలేదు అందాం. నువ్వు మళ్లీ ల్యాప్‌ల లెక్కకి వెళ్లు. అందరికీ బాగుంటుంది" అన్నాడు.

"అందలేదని హార్లన్ చెప్పాడా?"

"అతనికి గుర్తు లేదు."

"అతను విన్నాడో లేదో అతను చెప్పాలి. నేను చెప్పానో లేదో నేను చెప్పాలి. చెప్పాను."

"సరే, ఇప్పుడు గట్టిగా అను చూద్దాం, ఇన్‌సైడ్ అని. పక్క షెడ్‌లోకి వినపడేలా."

నేను మామూలుగా అన్నాను. "ఇన్‌సైడ్."

ఆయన డ్వేన్ వైపు చూసి, "చూశావా?" అన్నాడు.

"మీకు వినపడిందిగా" అన్నాను.

డ్వేన్ అంతసేపూ బూట్లు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంజన్ శబ్దం విని ఏ బోల్టు వదులైందో చెప్పగల మనిషి. అతని దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. కానీ హార్లన్ చెవిలో ఆ ఒప్పందం వేసింది తనేనని ఆ గదిలో చెప్పలేదు. పని తెలిసినవాడల్లా మంచి బాస్ అవుతాడని అనుకోకు మేఘా. ఒప్పుకోవలసిన గదిలో నోరు తెరుస్తాడా లేదా అన్నది చూడు.

నేను ల్యాప్‌ల లెక్కకి వెళ్లలేదు. ఆ మాటకి ఒప్పుకుంటే, నా తరువాత ఆ కప్పు ఎక్కాలనుకునే ప్రతి మెల్లని గొంతుకీ నన్నే చూపిస్తారు. ఇంటికి వచ్చి చెబితే మీ తాతయ్య, "నీ గొంతు అందదన్న మనిషిని ఒక్కసారి మనింటికి భోజనానికి పిలువు రాజ్యం. నేను కూర మాడబెట్టి, నీ మెల్లని మాట ఎంత అందుతుందో చూపిస్తాను" అన్నారు.

తరువాతి వారం కప్పు మీద అదే చోట నిలబడ్డాను. ఎప్పుడూ ఆఖరున వచ్చే ఒక పాత కారుకి, స్పాటర్ దొరకని కుర్ర డ్రైవర్‌కి. గస్ జరిగి చోటిచ్చాడు. "డబ్బా తెచ్చావా?" అన్నాడు. తెచ్చాను.

మళ్లీ

ఎముకలు అతుక్కున్నాక హార్లన్ వచ్చాడు. ఓనర్ అతనికి గట్టి గొంతు మనిషిని పెట్టాడు. హార్లన్ కొన్ని వారాలు చూశాడు. తరువాత ఒక రోజు, ట్రక్కులన్నీ బారుగా నిలబెట్టే చోట, అందరూ చూస్తుండగా టోపీ తీసి నా దగ్గరికి వచ్చాడు.

"మిస్ రాజ్, వచ్చే ఆదివారం నాకు పైన మీరుంటారా?"

"ఆ రోజు నా మాట వినపడిందా?"

"నాకు షూ లేసులు గుర్తున్నాయి, మ్యామ్."

"గట్టి గొంతు మనిషి ఉన్నాడుగా నీకు."

"ఆయన అరుస్తాడు. అరిస్తే నాకు మాట వినపడదు, ఆయన భయం వినపడుతుంది."

ఇది నీ ప్రశ్నకి మిగిలిన సగం, మేఘా. నా ప్రశ్నకి మాత్రం సమాధానం కాదు. ఆ సంగతి అతనికే చెప్పాను. తల ఊపాడు. సరే, నా షరతు చెప్పాను. రేస్ నడుస్తుండగా నా చానెల్‌లో నేను తప్ప ఎవరూ మాట్లాడకూడదు, ఓనర్ అయినా సరే. కప్పు మీద ఎవరు ఏం ఒప్పుకున్నా అది అతని చెవి దాకా రాదు, నాకు కళ్లకి కనిపించిందే వస్తుంది. హార్లన్ వెళ్లి ఓనర్‌తో ఏం చెప్పాడో తెలియదు. ఆదివారం హెడ్‌సెట్ నా చేతికి వచ్చింది. అతను ఆట వదిలేదాకా అది నా దగ్గరే ఉంది. ఆ తరువాత కూడా ఇంకొందరికి నిలబడ్డాను, మోకాళ్లు మెట్లెక్కనివ్వనంత వరకూ. ఏ ఒక్కరి కోసమూ అరవలేదు.

అందుకని తల్లీ, ఈ శనివారం వాళ్లు నిన్ను అరవమంటే అరవకు. మైక్ పెదాలకి దగ్గర పెట్టుకో, గొంతు దించు, చూసింది చెప్పు. ఒకవేళ తీసేస్తే ఇంకో కారు వెతుక్కో. ఆఖరున వచ్చే కార్లకి ఎప్పుడూ స్పాటర్లు కావాలి. ఒకరి కోసం గొంతు మార్చుకున్నావంటే, తరువాత నువ్వు చెప్పేది నీ గొంతులో ఉండదు.

వరండా

హార్లన్ ఆట వదిలాక కోళ్ల ఫారంలోనే ఉండేవాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేదాన్ని. ఒకసారి మాటల్లో, "ఆ రోజు మూడో మలుపులో ఎండ సూటిగా కళ్లల్లో పడింది" అన్నాడు. షూ లేసులు తప్ప ఏమీ గుర్తులేని మనిషి. నేను ఆ మాట పట్టుకుని అడగలేదు. టీవీలో చూసి ఉంటాడనుకున్నాను. అనుకోవడానికి ప్రయత్నించాను.

పోయిన వేసవిలో చివరిసారి వెళ్లాను. అన్నేళ్ల ఇంజన్ల రొదకి చెవులు బాగా పోయాయి, రెండు చెవులకీ మెషిన్లు. ఇద్దరం వరండాలో పక్కపక్కన కూర్చుని రోడ్డు చూస్తున్నాం. నేను అతని ఎడమ పక్కన ఉన్నాను. ఇంక అడగకపోతే లాభం లేదనిపించి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అడిగాను.

అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. ఒక పికప్ ట్రక్ వెళ్లేదాకా చూశాడు. తరువాత, "ఆ పసుపు తీగలు ఇంకా ఉన్నాయా, మిస్ రాజ్?" అన్నాడు. కారప్పూస డబ్బా అతని వైపు జరిపాను.

నా ప్రశ్న అతనికి అందిందో లేదో నాకు తెలియదు. ఎడమ చెవి మెషిన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడలేదు. గొంతు పెంచి ఇంకోసారి అడిగితే తేలిపోయేది. పెంచలేదు. ఇన్నేళ్లూ పెంచనిదాన్ని, అతని దగ్గర పెంచుతానా?

చలికాలం మొదట్లో హార్లన్ పోయాడు. పాతవాళ్లు చాలామంది వచ్చారు. గస్ వచ్చాడు, డ్వేన్ వచ్చాడు. అందరూ ఏదో ఒకటి చెప్పారు. నన్నూ మైక్ దగ్గరికి పిలిచారు. మైక్ పెదాలకి దగ్గరగా తెచ్చుకుని రెండు మాటలు చెప్పి దిగాను, వెనక వరసలో వాళ్లకి కూడా వినపడిందట.

అడగవలసినది మాత్రం అక్కడ అడగలేదు. ఆ రోజు మూడో మలుపులో నేను ఇన్‌సైడ్ అన్నది నీకు వినపడిందా, హార్లన్?